అప్‌డేట్: టిఫిన్ సెంటర్, కాళ్ల వాపు గురించి అడిగింది నేనే
పోయిన నెల అడిగా కదా, ఆరేళ్లుగా టిఫిన్ సెంటర్ నడుపుతున్నా, సాయంత్రానికి చీలమండలు ఉబ్బి పిక్కల మీద నరాలు నీలంగా తేలుతున్నాయి, షాపు మూస్తే ఆ రోజు డబ్బులుండవు ఏం చేయాలి అని. మీరంతా తిట్టాక ఒక సోమవారం బంద్ పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లా. డాప్లర్ స్కాన్ (నరాల్లో రక్తం ఎలా పారుతోందో చూసేది) తీసి వెరికోస్ వెయిన్స్, అంటే కాళ్ల నరాలు ఉబ్బి మెలికలు తిరగడం, అన్నారు, పుండు పడలేదు కాబట్టి ఆపరేషన్ ఇప్పుడే వద్దంట. కాళ్లని బిగించి పట్టే కంప్రెషన్ సాక్సులు రాశారు, పొద్దున మంచం దిగకముందే వేసుకోవాలి, నేను లేచేది మూడున్నరకి, ఆ చీకట్లో వాటిని పిక్కల మీదకి ఎక్కించడం కన్నా పిండి రుబ్బడం నయం.

మా బావకి జీతం 21,000 లోపే, ఈఎస్ఐ (ఉద్యోగులకి ఉండే ప్రభుత్వ బీమా) ఉంది, జబ్బు చేసి సెలవు పెడితే జీతంలో 70 శాతం దాకా వస్తుంది. ఇక్కడ ఓనరూ నేనే కూలీ నేనే, లీవ్ ఎవర్ని అడగాలి?

పెనం పక్కన స్టూల్ వేసుకున్నా. గురువారం సెలవు బోర్డు పెడితే ఇద్దరు రెగ్యులర్ కస్టమర్లు ఫోన్ చేసి మరీ దులిపేశారు. వాపు సగం తగ్గింది. బీపీ మాత్రం 150/90 వచ్చింది, 15 రోజులకి మళ్లీ రమ్మన్నారు, అదీ గురువారమే చూసుకుని వెళ్తా.