కోబాల్ట్ నానో తీగ పొడవు పెరిగేకొద్దీ కిందికి వాలిపోతోంది, ఎందుకు?

మహేంద్రతనయ:
అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. బరంపురంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేశాక ఇప్పుడు ఒక ల్యాబులో పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నాను. ఎలక్ట్రాన్ బీమ్‌తో అయస్కాంత గుణమున్న కోబాల్ట్ తీగల్ని గాల్లోకి నిలబెట్టడం నా పని. ఎస్ఈఎమ్ (స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) ఛాంబర్‌లోకి సన్నటి సూది గుండా డైకోబాల్ట్ ఆక్టాకార్బొనైల్ ఆవిరి వదులుతాం. దాని అణువులు సిలికాన్ మీద అంటుకుంటాయి. బీమ్ పడ్డ చోట అవి విరిగి కోబాల్ట్ మిగులుతుంది, కార్బన్ మోనాక్సైడ్ చాలావరకు పంపులోకి పోతుంది. మా ఊళ్లో కొమ్ముపని వాళ్లు అక్కర్లేనిది చెక్కి తీసేసి బొమ్మ చేస్తారు, ఇక్కడ లేనిదాన్ని కొంచెం కొంచెంగా పేర్చుకుంటూ పోతాం. అందుకే ఈ పనంటే నాకు అంత ఇష్టం.

సమస్య ఇది. నిటారు స్తంభం చక్కగా వస్తోంది. దాని కొస నుంచి 45 డిగ్రీల్లో పక్కకి చేయి వేస్తే మొదట బాగుంటుంది, పోనుపోను వాలిపోయి చివర దాదాపు అడ్డంగా అయిపోతోంది. తీగ మందం సుమారు 100 నానోమీటర్లు. డ్వెల్ టైమ్ (బీమ్ ఒక్కో పాయింట్ మీద ఆగే సమయం), పాయింట్ల మధ్య దూరం మొదటి నుంచి చివరిదాకా ఒక్కటే. బీమ్ డ్రిఫ్ట్ (బీమ్ తనంతట తానే మెల్లగా పక్కకి జరగడం) అని ఒకరంటారు, గ్యాస్ చాలట్లేదని ఇంకొకరు. గ్రూప్ మీటింగ్ దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది.

నాగావళి ఒడ్డు:
చెల్లీ, నాది రాయగడ. ఎస్ఈఎమ్ మీదే నా ఉద్యోగం. నువ్వు చెప్పిన దాన్నిబట్టి ఇది వేడి వల్లే అనిపిస్తోంది.

బీమ్ శక్తిలో కొంత తీగ కొసలోనే వేడిగా మారుతుంది. వాక్యూమ్‌లో గాలి ఉండదు కదా, ఆ వేడి కిందికి దిగాలంటే తీగ ఒక్కటే దారి. తీగ పొడవయ్యేకొద్దీ కొస వేడెక్కుతుంది. అప్పుడు అంటుకున్న అణువులు విరిగేలోపే ఎగిరిపోతాయి. ఒక్కో డ్వెల్‌లో పేరుకునే పదార్థం తగ్గుతుంది. బీమ్ మాత్రం పక్కకి అదే వేగంతో జరుగుతుంది. పైకి పెరగడం తగ్గి పక్కకి పోవడం తగ్గకపోతే చేయి వాలక ఏం చేస్తుంది? నిటారు స్తంభంలో కూడా ఇదే జరుగుతూ ఉండొచ్చు, కాకపోతే అక్కడ వంపు కనబడదు, ఎత్తు తగ్గుతుందంతే. రెట్టింపు టైమ్ ఇస్తే రెట్టింపు ఎత్తు వస్తోందా, కొలిచి చూడు.

మీటింగుకి ముందు ఒక పరీక్ష చెయ్యి. ఒకే స్తంభం కొస నుంచి ఎదురెదురు దిక్కులకి రెండు చేతులు వెయ్యి. డ్రిఫ్ట్ అయితే ఒకటి ఎక్కువ వాలి, రెండోది ఇంకా నిటారుగా లేస్తుంది. గ్యాస్ తక్కువైతే సూదికి అవతలి వైపు చేయి ఎక్కువ పాడవ్వాలి. రెండూ సమానంగా వాలాయంటే అది వేడే.

బీమ్ కరెంట్ తగ్గించమని ఎవరైనా సలహా ఇస్తే తొందరపడకు. ప్లాటినం తీగకైతే సరేగానీ, కోబాల్ట్‌లో కరెంట్ తగ్గితే తీగలో కార్బన్, ఆక్సిజన్ వాటా పెరుగుతుంది. ఎక్కువ కరెంట్ దగ్గర 90 శాతానికి పైగా కోబాల్ట్ వస్తుంది. తీగ తిన్నగా వచ్చి అయస్కాంత గుణం పోతే నీ పనికి అర్థమేముంది? డ్వెల్ టైమ్‌నే పొడవుతోపాటు మెల్లగా పెంచుకుంటూ పో. లూకా స్కోరిక్, అమాలియో ఫెర్నాండెజ్-పచెకో బృందం 2020లో నానో లెటర్స్ అనే సైన్సు పత్రికలో వేసిన పేపర్ చదువు. ఆకారాన్ని పొరలుగా కోసి, వేడి లెక్క కూడా కలిపి, ఏ పాయింట్ మీద బీమ్ ఎంతసేపు ఉండాలో కంప్యూటర్ చేత లెక్కగట్టించారు.

జయపురం మాస్టారు:
అమ్మా, నేను జయపురంలో పిల్లలకి ఒడియాలో సైన్సు చెప్తాను. మన పిల్ల ఇలాంటి పని చేస్తోందంటే చాలా సంతోషం. నాదొక ప్రశ్న. బల్లపరుపు పొరలతో ఇన్ని హార్డ్ డిస్కులు నడుస్తున్నాయి కదా, పైకి లేపి కొత్తగా సాధించేదేమిటి?

మహేంద్రతనయ:
మాస్టారూ, రెండు కారణాలు. మొదటిది చోటు. 2008లో ఐబీఎమ్‌లో స్టువర్ట్ పార్కిన్ బృందం రేస్‌ట్రాక్ మెమరీ గురించి రాసింది. తీగని నిలువుగా పెట్టి, అయస్కాంత దిశ మారే సరిహద్దుల్ని కరెంట్‌తో దాని వెంట పరిగెత్తించాలన్నది అందులో ఆలోచన. నన్ను ఎక్కువ పట్టుకున్నది రెండోది. సన్నటి తీగలో అయస్కాంత దిశ తీగ పొడవునా పడుకుంటుంది, కాబట్టి తీగని వంచితే అదీ వంగుతుంది. 2022లో క్లెయిర్ డొనెల్లీ వాళ్లు రెండు కోబాల్ట్ తీగల్ని జంట సర్పిలంలా పెనవేశారు. ఒక తీగలోని సరిహద్దు పక్క తీగలోని సరిహద్దుతో జతకట్టి బిగుసుకుంది, తీగల మధ్య ఖాళీ చోటులో కూడా అయస్కాంత క్షేత్రం మెలికలు తిరిగింది. బల్లపరుపు పొరలో ఇలాంటిది చెయ్యలేం.

అన్నా, రెండు చేతులూ వేశాను. రెండూ ఒకేలా వాలాయి, మీరన్నట్టు వేడే. స్తంభం ఎత్తు కూడా టైమ్‌కి తగ్గట్టు రాలేదు. డ్వెల్ టైమ్ పెంచుతూ వేస్తే చేయి ముప్పాతిక వంతు తిన్నగా వచ్చింది. ఇప్పుడు స్తంభం మొదట్లో సిలికాన్ మీద పలచటి మరకలా కోబాల్ట్ పరుచుకుని కనిపిస్తోంది. తీగ అయస్కాంత గుణాన్ని లేజర్‌తో కొలిచేటప్పుడు దాని సిగ్నల్ కూడా కలిసిపోతుందా?

నాగావళి ఒడ్డు:
కలిసే ప్రమాదం ఉంది చెల్లీ. పక్కకి చెదిరిన ఎలక్ట్రాన్లు కూడా గ్యాస్‌ని విరగ్గొడతాయి, ఆ మరక అలా వచ్చిందే. కొలిచేటప్పుడు లేజర్‌ని స్తంభం మొదలు దగ్గర కాకుండా చేయి మీదే పడేలా చూసుకో. స్తంభాన్ని ఇంకాస్త ఎత్తుగా లేపు, మరకకీ చేయికీ ఎడం పెరుగుతుంది. ఎత్తు పెరిగితే వేడీ పెరుగుతుంది కాబట్టి డ్వెల్ టైమ్ లెక్క మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలి.