బ్రహ్మపుత్ర లోయలో ఖడ్గమృగాలు: అమ్మానాన్నలతో, తొమ్మిదేళ్ల పాపతో ఆరు రోజులకు సలహా కావాలి

గోదావరి గట్టు

అందరికీ నమస్కారం. మాది రాజమహేంద్రవరం. నిరుడు కార్తీక మాసంలో లాంచీ మీద పాపికొండలకు వెళ్లాం. చుట్టూ ఉన్నది జాతీయ ఉద్యానమని, ఆ అడవిలో చిరుతలు, అడవిదున్నలు ఉంటాయని పాపకు ముందే చెప్పాను. అది తిండి కూడా పట్టించుకోకుండా లాంచీ కమ్మీ పట్టుకుని ఒడ్డుకేసి చూస్తూ నిలబడింది. ఒక్క జంతువూ కనబడలేదు. తిరిగి వచ్చేటప్పుడు "అమ్మా, ఇంత నది ఉంటే జంతువులు నీళ్లకు రావా?" అని అడిగింది. ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

అందుకని ఈసారి అస్సాం వెళ్దామనుకుంటున్నాం. నాన్నకు 70, అమ్మకు 66. అమ్మకు నడుము నొప్పి ఉంది. ఇద్దరూ శాకాహారులు. చేతిలో ఉన్నవి ఆరు రోజులు. వేసవి సెలవుల్లో వెళ్తే బాగుంటుందా? అక్కడి జాతీయ ఉద్యానాల్లో కాజీరంగా ఒక్కటే సరిపోతుందా, మానస్ కూడా కలుపుకోవాలా? జీపు మంచిదా, ఏనుగు సవారీయా? వెళ్లి వచ్చినవాళ్లు చెప్పగలరు.

లంకవాసి

అమ్మా, మీ పాప ప్రశ్నకు జవాబు కాజీరంగాలో కళ్లముందే కనిపిస్తుంది. నేను పుట్టింది కోనసీమలో ఒక లంకలో. బ్యాంకు ఉద్యోగం మీద జోర్హాట్‌లో ఆరేళ్లు ఉన్నాను. అక్కడికి కాజీరంగా రెండు గంటల దారి. సెలవు దొరికినప్పుడల్లా వెళ్లేవాణ్ణి. కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు వేసవి ఆలోచన మానుకోండి. మే నెలలో మూసేస్తే మళ్లీ తెరిచేది అక్టోబరు ప్రాంతంలోనే, కొన్ని దారులైతే నవంబరు దాకా తెరుచుకోవు. మన పిల్లల సెలవులన్నీ అక్కడి వానల్లో పోతాయి. మీకు కుదిరేది సంక్రాంతి. బడికి నాలుగు రోజులు సెలవు పెట్టించగలిగితే ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో ఇంకా మంచిది. అప్పటికి అటవీశాఖ వాళ్లు ఎండిన ఏనుగు గడ్డిని కాల్చేసి ఉంటారు. ఆ నల్లటి నేల మీద పచ్చగా లేత పిలకలు వేస్తాయి. వాటి కోసం జంతువులన్నీ బయటికి వస్తాయి. జనవరిలో గడ్డి చాలాచోట్ల మనిషికి రెట్టింపు ఎత్తు ఉంటుంది. అయితే మడుగుల నిండా వలస పక్షులుంటాయి. అదీ చూడాల్సిందే.

ఇప్పుడు నది సంగతి. మనం లంక అనేదాన్ని అక్కడ చాపొరి అంటారు. మొదటిసారి ఒక చాపొరి మీద దిగినప్పుడు నాకు మా ఊరే గుర్తొచ్చింది. అదే ఇసుక, అదే ఒండ్రు, అదే రెల్లు. మా నాన్న లంక పొలానికి ఎరువు తోలేవాడు కాదు. "గోదారమ్మ తెచ్చి పోసిపోతుంది" అనేవాడు. కాజీరంగా అంతా ఆ లెక్క మీదే నడుస్తోంది. ఏటా బ్రహ్మపుత్ర పొంగి లోపలికి వస్తుంది. కొత్త ఒండ్రు వేస్తుంది, మడుగులను చేపలతో నింపుతుంది, గుర్రపుడెక్కను కడిగేస్తుంది, చెట్లు మొలిచి గడ్డిభూమిని ఆక్రమించకుండా ఆపుతుంది. ఆ గడ్డి లేకపోతే ఖడ్గమృగం లేదు. పాపికొండల దగ్గర గోదావరి కొండల మధ్య ఇరుకులో పారుతుంది. జంతువు నీళ్లకు వచ్చినా చెట్ల చాటునే వచ్చి, తాగి పోతుంది. ఇక్కడ నది మైదానంలో విప్పారుతుంది కాబట్టి మేతా నీళ్లూ రెండూ ఆరుబయటే. పాపకు ఇలా చెప్పండి, అర్థమవుతుంది.

ఆ వరద కష్టం కూడా నేను కళ్లారా చూశాను. ఒక జూలై రాత్రి గువాహటి నుంచి బస్సులో జోర్హాట్ వస్తున్నాను. జాతీయ రహదారి ఉద్యానానికి దక్షిణపు అంచునే పోతుంది. అవతల కార్బీ ఆంగ్లాంగ్ కొండలు. లోపల నీళ్లు నిండితే చాలా జంతువులు ఆ రోడ్డు దాటి కొండెక్కాల్సిందే. అందుకే వరద రోజుల్లో వాహనాలకు టైము కార్డు ఇస్తారు. ఈ చివర ఎన్నింటికి బయలుదేరిందీ రాసిస్తే, ఆ చివర చూసి, ముందుగా చేరినవాళ్లకు జరిమానా వేస్తారు. ఆ రాత్రి మా డ్రైవరు నడిచే మనిషి వేగంతో బస్సు నడిపాడు. లైటు వెలుగులో రోడ్డు వారగా ఒక హాగ్ డీర్, మన మేకంత ఉండే పొట్టి జింక, నిలబడి ఉంది. ఒళ్లంతా తడిసి వెంట్రుకలు చర్మానికి అతుక్కుపోయాయి. దాని కాళ్ల మధ్య పిల్ల. ముందుకు రాలేదు, వెనక్కి పోలేదు, వణుకుతోంది. డ్రైవరు ఇంజన్ ఆపి లైట్లు ఆర్పేశాడు. బస్సులో పసిపిల్లలతో సహా ఎవరూ నోరు మెదపలేదు. కాసేపటికి గిట్టల చప్పుడు తారు మీద టకటకమని వినబడి, కొండవైపు చీకట్లో కలిసిపోయింది. మీరు పగలు ఆ రోడ్డు మీద వెళ్లేటప్పుడు పాన్‌బారి, హల్దీబారి, కాంచన్‌జురి అనే బోర్డులు కనిపిస్తాయి. జంతువులు దాటే దారులవి. మీ కారు డ్రైవరుకు అక్కడ నెమ్మదిగా పొమ్మని మీరే చెప్పండి.

లోపల తిరగడానికి నాలుగు రేంజిలు, అంటే అడవి భాగాలు, ఉన్నాయి. అమ్మానాన్నలతో మొదట బాగోరి వెళ్లండి. దారి చిన్నది, ఖడ్గమృగాలు, అడవి గేదెలు దగ్గరగా కనిపిస్తాయి. మర్నాడు కోహోరా. పక్షుల కోసం ఒక పూట అగరాతోలి, అక్కడి సోహోలా మడుగు దగ్గర గూడబాతులు బారులు తీరి ఉంటాయి. మన కొల్లేరులో ఆటపాక దగ్గర చూసేవే. బురాపహార్ ఈసారికి వదిలేయండి.

ఏనుగు సవారీ అమ్మగారికి వద్దు. తెల్లారకముందే లేవాలి, మంచె ఎక్కి అక్కడి నుంచి ఏనుగు వీపు మీదికి కాలు చాపి దాటాలి, గంటసేపు కాళ్లు ఎడంగా పెట్టి కూర్చోవాలి. జీపు చాలు.

చివరిగా ఒక్క మాట, దయచేసి మన్నించాలి. పులి కోసం పరుగులు పెట్టవద్దు. ఒకసారి మా బంధువులను తీసుకెళ్లాను. ఎక్కడో పులి కనబడిందన్న కబురు అందగానే మా జీపు డ్రైవరు దుమ్ము రేపుకుంటూ లగెత్తించాడు. మడుగు గట్టున ఆరేడు నీటికుక్కలు చేపలు పట్టుకుని ఆడుతున్నాయి. వాటిని దాటించేశాడు. పులీ లేదు, నీటికుక్కలూ లేవు. ఆ పూట పోయినందుకు నాకు ఇప్పటికీ బాధే. ఎక్కగానే "భయ్యా, తొందర లేదు, ఆగి చూద్దాం" అని చెప్పండి. ఒక మడుగు దగ్గర ఇంజన్ ఆపించి పావుగంట కదలకుండా కూర్చోండి.

అలా కూర్చున్నప్పుడే నేను ఖడ్గమృగాన్ని నిజంగా చూశాను. ముప్పై అడుగుల దూరంలో మేస్తోంది. గడ్డిని పై పెదవితో చుట్టి లాగి తెంపుతుంటే పర్రు పర్రుమని చప్పుడు. తొడల మీది చర్మంలో రివెట్లు కొట్టినట్టు బొడిపెలు. మెడ మడతలో బురద ఎండి పగుళ్లిచ్చింది. ఆ పగుళ్లలోంచి గోరువంక పురుగులు ఏరుకుంటోంది. పక్కన ఒక పేడకుప్ప చూపించి గార్డు చెప్పాడు: ఇవి రోజూ ఒకేచోట పేడ వేస్తాయట. వేటగాళ్లు ఒకప్పుడు ఆ కుప్పల దగ్గరే కాపు కాసేవాళ్లట. దాని అలవాటే దానికి ఉరి అయింది. 1908లో ఈ అడవిని రిజర్వు చేసేనాటికి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయంటారు. 2022 లెక్కలో 2613 ఉన్నాయి. మీ జీపులో పాత తుపాకీ పట్టుకుని కూర్చునే ఆ గార్డుల చలవే అది. దిగేటప్పుడు ఆయనకు పాప చేత నమస్కారం పెట్టించండి.

కొండవాగు

లంకవాసి గారు చెప్పినవన్నీ నిజమే కానీ మానస్ సంగతి ఎత్తనేలేదు, నాకు బాధగా ఉంది. కాజీరంగా, మానస్ రెండింటినీ యునెస్కో 1985లోనే ప్రపంచ వారసత్వ స్థలాలుగా గుర్తించింది. ఆ తర్వాత అల్లర్ల కాలంలో మానస్‌లో ఖడ్గమృగమన్నది లేకుండా పోయింది. 1992లో ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలోకి ఎక్కింది. 2008 నుంచి గువాహటి దగ్గరి పోబితోరా అభయారణ్యం, కాజీరంగాల నుంచి ఖడ్గమృగాలను లారీల మీద తెచ్చి వదిలారు. కాజీరంగా వరదల్లో తల్లులను పోగొట్టుకున్న పిల్లలను సాకి, పెద్దయ్యాక ఇక్కడికి పంపిన సందర్భాలూ ఉన్నాయి. 2011లో ఆ జాబితా నుంచి బయటపడింది. ఒక అడవి చచ్చి బతకడం ఎలా ఉంటుందో చూడాలంటే మానస్ రావాలి.

మథన్‌గురి దగ్గర నది కొండల్లోంచి బయటపడుతుంది. అవతల భూటాన్. నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే, అడుగున గులకరాళ్ల రంగులు కూడా చెప్పవచ్చు. జంతువులు కాజీరంగాలో ఉన్నంత సులభంగా కనిపించవు. గువాహటి నుంచి బార్పేటా రోడ్ మీదుగా బాన్స్‌బారి గేటుకు రావాలి. ఆరు రోజుల్లో మూడు రోజులు ఇక్కడికి ఇవ్వండి.

లంకవాసి

కొండవాగు గారూ, మీ ప్రేమ అర్థమైంది. నేనూ మానస్‌కు రెండుసార్లు వచ్చాను. ఆ నది ఒడ్డున కూర్చున్న సాయంత్రం మరిచిపోలేదు. అయినా వీళ్ల విషయంలో నా మాట మార్చుకోను. కాజీరంగా ఒక దిక్కు, మానస్ ఇంకో దిక్కు, మధ్యలో గువాహటి. ఆరు రోజుల్లో రెండూ పెట్టుకుంటే నడుము నొప్పి ఉన్న మనిషికి రెండు పూర్తి రోజులు కారులోనే గడిచిపోతాయి. పాప పెద్దయ్యాక మానస్‌కు వేరే రావచ్చు.

దానికి బదులు ఇలా చేయండి. గువాహటిలో దిగిన మర్నాడు పొద్దున పోబితోరా. ఊరికి యాభై కిలోమీటర్ల లోపే. నలభై చదరపు కిలోమీటర్లు కూడా లేని చోటులో 2022లో 107 ఖడ్గమృగాలు లెక్కకొచ్చాయి. తర్వాత మూడు రాత్రులు కాజీరంగా. చివరి రాత్రి జోర్హాట్‌లో ఉండి, తెల్లవారగానే మరియాని దగ్గరి హొల్లొంగాపార్ వెళ్లండి. హూలాక్ గిబ్బన్‌లు ఉండే అడవి అది. మన దేశంలో తోకలేని వానరం అదొక్కటే. అక్కడ జీపు లేదు, గార్డుతో నడవాలి. అమ్మగారు గేటు దగ్గర కూర్చున్నా నష్టం లేదు, వాటి అరుపు అక్కడికే వినబడుతుంది. ఒకటి ఊళ వేస్తే, ఇంకొకటి అందుకుంటుంది, క్షణంలో అడవంతా మోగిపోతుంది. అవి నేల మీదికి దిగడం చాలా అరుదు. అడవిని చీల్చుకుంటూ రైలు పట్టాలు పోతాయి, కొమ్మలు అందక చాలాకాలం అటువి అటే, ఇటువి ఇటే ఉండిపోయాయి. పాపకు ఆ పట్టాలు కూడా చూపించండి.

వంటిల్లు నాదే

నేను రెండేళ్ల కిందట మా అత్తగారితో వెళ్లాను. ఆవిడకూ నడుము నొప్పే. జీపులో వెనక సీటు చక్రాల పైన ఉంటుంది, గుంత వచ్చినప్పుడల్లా ఎగిరి పడతారు. అమ్మగారిని డ్రైవరు వెనకాల వరసలో మధ్యలో కూర్చోబెట్టండి, నడుముకు ఒక దిండు పట్టుకెళ్లండి. తెల్లవారి జీపులో చలి కొరికేస్తుంది. మంకీ క్యాపు, శాలువా మరవద్దు. పది గంటలకల్లా అవన్నీ విప్పేస్తారు. ముక్కుకు కట్టుకోవడానికి తలా ఒక నూలు గుడ్డ ఉండాలి, దుమ్ము బాగా లేస్తుంది. చలికాలం సాయంత్రం అయిదుకల్లా చీకటి పడుతుంది. మధ్యాహ్నం భోజనం పన్నెండుకే ముగించుకుంటేనే రెండో సఫారీ అందుతుంది.

శాకాహారులకు బెంగ అక్కర్లేదు. వాళ్లూ మనలాగే అన్నం మనుషులు. జోహా బియ్యం అన్నం వాసనకే ఆకలేస్తుంది. పప్పు, ఆలూ పితికా అనే బంగాళదుంప ముద్ద ఎక్కడైనా దొరుకుతాయి. ఆ ముద్దలో పచ్చి ఆవనూనె కలుపుతారు. మా అత్తగారికి ఆ ఘాటు పడలేదు, నూనె లేకుండా అడిగితే చేసిచ్చారు. సంక్రాంతికి వెళ్తే గది ముందే తీసుకోండి. అప్పుడే వాళ్లకు మాఘ్ బిహు. తెల్లవారుజామున పొలాల్లో మేజీ మంటలు వేస్తారు, అచ్చం మన భోగి మంటలే. నువ్వులు, బెల్లం పెట్టి చేసిన పిఠా మాకు చేతిలో పెట్టి మరీ తినిపించారు. మా అత్తగారు ఆ మంట ముందు నిలబడి ఊళ్లో ఉన్నట్టే ఉందని కళ్లు తుడుచుకున్నారు.

గోదావరి గట్టు

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. లంకవాసి గారు రాసింది పాపకు చదివి వినిపించాను. జింకపిల్ల రోడ్డు దాటిందా లేదా అని మళ్లీ మళ్లీ అడిగింది. దాటిందని చెప్పాను. సంక్రాంతికే ఖాయం చేసుకున్నాం, పోబితోరా, కాజీరంగా, హొల్లొంగాపార్. మానస్ బాకీ ఉంచాం, కొండవాగు గారూ. ఒక్కటి మిగిలింది: బైనాక్యులర్లు కొనాలా? కొంటే ఎలాంటివి?

లంకవాసి

కొనండమ్మా. 8x42 అని రాసి ఉన్నవి తీసుకోండి, ఎనిమిది రెట్లు పెద్దగా చూపిస్తాయి. అంతకంటే పెద్దగా చూపించేవైతే చేయి వణికి బొమ్మ కదులుతుంది. పాపకు తేలికైనది వేరుగా ఒకటి కొనండి. పెద్దవాళ్లది అడిగి తీసుకునేలోపు పక్షి ఎగిరిపోతుంది.