డబ్బు తిరిగిచ్చేసిన యూదా తప్పేంటి?

ఆలివకొమ్మ:
అందరికీ వందనాలు. మొన్న ఆదివారం ప్రసంగంలో విన్నమాట ఇంకా బుర్రలో తిరుగుతోంది. యేసు ఎవరో తెలియదని బొంకిన పేతురూ పాపంలో పడిపోయాడు, డబ్బుకు యేసును పట్టించి తర్వాత ఉరేసుకున్న యూదా కూడా పడిపోయాడు, కానీ ఒకరు నిరీక్షణను ఎంచుకున్నారు, ఇంకొకరు నిరాశను ఎంచుకున్నారు, తేడా అంతే అన్నారు. ఇంటికొచ్చి బైబిల్లో మత్తయి 27 తీసి చూశాను. యూదా 30 వెండి నాణెములు వెనక్కి తెచ్చాడు. "నిరపరాధరక్తమును అప్పగించి పాపము చేసితిని" అని నోరు తెరిచి చెప్పాడు. మరి పేతురు? బయటికి పోయి ఏడ్చాడు. ఎవరి దగ్గరా ఒప్పుకున్నట్టు అక్కడ రాసి లేదు. ఒప్పుకుని డబ్బు కూడా తిరిగిచ్చినవాడిది మారుమనస్సు కాదని ఎలా తేల్చేశాం?

బెరయ:
తేల్చింది మనం కాదు, వాక్యమే. గ్రీకులో 27:3 దగ్గర ఉన్న మాట మెటమెలోమై. అంటే చేసినదానికి లోపల బాధపడటం. మారుమనస్సుకి వాడే మాట మెటనోయా, అది వేరు, అందులో మనిషి దేవుని వైపు తిరుగుతాడు. 2 కొరింథీ 7:10లో పౌలు చెప్పిందీ ఇదే, దైవచిత్తానుసారమైన దుఃఖం ఒకటి, లోకసంబంధమైన దుఃఖం ఇంకొకటి. యూదాది రెండోది. తెలుగులో రెండూ ఒకేలా వినిపిస్తాయి కాబట్టి ఈ గందరగోళం.

కాపరి కర్ర:
ఆమేన్ బ్రదర్. బాగా చెప్పారు.

ఆలివకొమ్మ:
బెరయ గారూ, అదే మత్తయిలో 21వ అధ్యాయం చూడండి. ద్రాక్షతోటకు పొమ్మంటే ముందు పోనన్న కొడుకు తర్వాత మనసు మార్చుకుని వెళ్ళాడు కదా, అక్కడా మీ మెటమెలోమైనే. ఆ కొడుకు మంచివాడే అయ్యాడు మరి.

బెరయ:
సందర్భం చూడాలి. ఒక్క మాటను పట్టుకుని సిద్ధాంతం కట్టకూడదు.

ఆలివకొమ్మ:
ఆ ఒక్క మాటను మొదట పట్టుకున్నది మీరే!

సిలోయం:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. "నిరాశను ఎంచుకున్నాడు" అనే మాట కాస్త జాగ్రత్తగా వాడదాం. డిప్రెషన్‌లో ఉన్న మనిషి ముందు రెండు దారులు కనిపించవు, ఒకటే కనిపిస్తుంది. పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. నిరాశ పాపమని ఆ టైంలో ప్రసంగిస్తే అతను ఇంకా లోపలికి పోతాడు.

కాపరి కర్ర:
తనను పట్టించే ఆ మనుష్యుడు పుట్టకపోతే వానికి మేలని యేసే అన్నారు. ఇంకా చర్చ దేనికి?

బెరయ:
సిలోయం గారూ, జబ్బు సంగతి వేరు, ఒప్పుకుంటాను. నేను మాట్లాడేది పాపం గురించి. సంఘ పెద్దగా పనిచేసినవాడిని. ఒకాయన ఏడ్చాడు, క్షమించాం, ఆరు నెలల్లో అదే పని. మళ్ళీ ఏడ్చాడు. కన్నీళ్ళకు విలువ కట్టడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది. అందుకే క్షమించడం వేరు, మళ్ళీ కానుకల పెట్టె తాళం చేతికివ్వడం వేరు.

ఆలివకొమ్మ:
తాళం ఎవరడిగారు సార్?

సరే, దాచి ఏం లాభం. నేను సంఘం లెక్కలు చూసేదాన్ని. ఇంట్లో ఇబ్బంది వచ్చి ఆ డబ్బు వాడుకున్నాను. పట్టుబడకముందే నేనే వెళ్ళి చెప్పాను, నాలుగు నెలల్లో పైసాతో సహా కట్టాను. దేవుడు క్షమించాడమ్మా అన్నారు. కానీ ప్రభురాత్రి భోజనపు బల్లకి మాత్రం రావద్దన్నారు. ఎప్పటివరకు అంటే చూద్దాం అన్నారు. ఆ "చూద్దాం"కి ఇప్పుడు ఆరేళ్ళు. లెక్కల పని తిరిగివ్వమని నేను అడగలేదు, రొట్టె, ద్రాక్షారసం అడిగాను.

యూదా ఒప్పుకోవడానికి ఎక్కడికి వెళ్ళాడో చూడండి. యాజకుల దగ్గరికే. పాపం చేసినవాడు వెళ్ళాల్సిన చోటికే వెళ్ళాడు. వాళ్ళేమన్నారు? "దానితో మాకేమి? నీవే చూచుకొనుము." దీని మీద ఇన్నేళ్ళలో ఒక్క ప్రసంగం వినలేదు నేను. పేతురు సంగతి చూస్తే, పడకముందే అతని కోసం ప్రార్థన జరిగిపోయింది (లూకా 22:32). యేసు తిరిగి లేచాక సమాధి దగ్గర దూత శిష్యులతో, పేతురుతో చెప్పమని విడిగా పేరు పెట్టి పిలిచాడు. చలికాచుకుంటూ బొంకినవాడికి ఒడ్డున మళ్ళీ నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, తినమని పిలిచాకే ప్రభువు ప్రశ్న అడిగాడు. ఇందులో పేతురు ఎంచుకున్నది ఎంత, అతని దాకా వచ్చింది ఎంత?

కాపరి కర్ర:
సారీ సిస్టర్. తెలియక అన్నాను.

బెరయ:
మీ సంఘం చేసింది నేను సమర్థించడం లేదు. కానీ యాజకులు తరిమేశారు కాబట్టి యూదా బాధ్యత పోయిందంటే ఒప్పుకోను. వాళ్ళ దగ్గర్నుంచి యేసు దగ్గరికి వెళ్ళొచ్చుగా?

సిలోయం:
ఆ సమయానికి యేసును బంధించి పిలాతుకు అప్పగించేశారు. ఎలా వెళ్తాడు? ఇంకో మాట బెరయ గారూ, మీరు 7:10 చూపించారు కదా, అదే పత్రికలో 2:7 కూడా చదవండి. శిక్ష చాలు, ఇక క్షమించి ఆదరించండి, లేకపోతే ఆ మనిషి అధిక దుఃఖంలో మునిగిపోతాడు అంటాడు పౌలు. ఆ మాట మునిగేవాడితో చెప్పలేదు, సంఘంతో చెప్పాడు.

బెరయ:
చదివాను. ఇంతకుముందూ చదివిందే.

ఆ రెండుసార్లు ఏడ్చినాయన సంగతి. రెండోసారి తర్వాత ఆయన రావడం మానేశాడు. నేనూ ఫోన్ చేయలేదు. నంబర్ ఉంది. గ్రీకు విషయంలో నా మాట మారలేదు, మత్తయి 21 గురించి ఇంకా చూడాలి.

ఆలివకొమ్మ:
చూడండి. నంబర్ మారకముందే ఫోన్ కూడా చేయండి.