పిల్లల్ని కాలేజీలో దింపాక ఎన్ని రోజులు ఉండాలి?

ప్రశ్న: వచ్చే నెల మా అమ్మాయిని హాస్టల్లో చేర్పించాలి. చాలా దూరం, తనెప్పుడూ ఒంటరిగా ఉండలేదు. మావారు ఒక్క రోజులో దింపేసి వచ్చేద్దాం అంటున్నారు, నాకేమో దగ్గర్లో గది తీసుకుని వారమైనా ఉందామని ఉంది. ఈమధ్య పిల్లల్ని చేర్పించినవాళ్లు చెప్పండి, ఎన్నాళ్లుంటే సరిపోతుంది?

జవాబు: వారం ఎక్కువండీ. ఫీజు రసీదు, గది తాళం, ఐడీ కార్డు, ఈ మూడూ చేతికొచ్చి సామాను సర్దేస్తే మీ పని అయిపోయినట్టే. చాలాచోట్ల ఒకటిన్నర రోజు పడుతుంది. సెలవు ముందు సాయంత్రం మాత్రం చేరుకోకండి, ఆఫీసు మూసేస్తే మర్నాడంతా కూర్చోవడమే. ఒరిజినల్ సర్టిఫికెట్లు ముందే స్కాన్ చేసుకోండి, వాళ్లు తీసుకుంటే రసీదు అడగండి. సామాను పెట్టకముందే మంచం, బీరువా, గోడలు ఫొటో తీస్తే, ముందునుంచీ విరిగి ఉన్నవాటికి రేపు డిపాజిట్లో కోత పెట్టకుండా చూపించుకోవచ్చు.

బయల్దేరడం మాత్రం చేర్చిన రోజు రాత్రి భోజనానికి ముందే పెట్టుకోండి. గదిలో పిల్లలంతా కలిసి మొదటిసారి మెస్‌కి వెళ్లేది అప్పుడే, మీరుంటే తను మీతో బయటికొస్తుంది, తిరిగొచ్చేసరికి మిగతావాళ్లు అప్పటికే ఒక జట్టు అయిపోయి ఉంటారు.

ఇంకొకరు: నేను పూర్తిగా ఒప్పుకోను. వేరే దేశమైతే ఒక్క రోజు చాలదు. బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు, జెట్‌లాగ్ అన్నీ ఉంటాయి. మూడు నాలుగు రోజులు ఊళ్లో ఉండండి, కానీ హాస్టల్ చుట్టూ తిరగకండి, తను పిలిస్తేనే వెళ్లండి. రోజూ వాడే మందులుంటే చీటీలో జనరిక్ పేరు రాయించుకోండి, బ్రాండ్ పేర్లు దేశాన్ని బట్టి మారిపోతాయి. ఇంకోటి, 18 నిండాక చాలా దేశాల్లో డాక్టర్లు పిల్లలు ఒప్పుకుంటే తప్ప మనకేమీ చెప్పరు, ఆ అనుమతి సంగతి ముందే తనతో మాట్లాడుకోండి.

అడిగినవారు: మాది ఈ దేశమేనండీ. నా టెన్షనల్లా ఆ రాత్రే ఫోన్ చేసి ఏడుస్తూ వచ్చేయమంటే ఏం చేయాలా అని.

జవాబు: చేయొచ్చు, చాలామంది చేస్తారు. పూర్తిగా విని పెట్టేయండి, "వచ్చి తీసుకెళ్తాలే" అని మాత్రం అనకండి, ఆ మాట అన్నాక తను అక్కడ సర్దుకోవడం మానేసి మీకోసం చూస్తూ కూర్చుంటుంది. ఇంటి బెంగ సాధారణంగా మొదటి కొన్ని వారాల్లో తగ్గుతుంది. తగ్గకపోగా తిండీ నిద్రా మానేసి క్లాసులకే వెళ్లట్లేదంటే కాలేజీ కౌన్సెలర్‌తో మాట్లాడాలి. ర్యాగింగ్ అయితే అసలు ఆగొద్దు, వెంటనే కాలేజీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. వచ్చేముందు మళ్లీ ఎప్పుడు కలుస్తారో తేదీ చెప్పండి, "త్వరలో వస్తాం" అంటే రోజూ అదే అడుగుతుంది.

అడిగినవారు: సరేనండీ, ఆ సాయంత్రానికే టికెట్లు చేయిస్తాను. మావారు ఇది చదివితే ఇక ఆయన్ని పట్టలేను!