వసూలు ఏజెంట్లు రోజుకు ఇరవై సార్లు ఫోన్ చేస్తున్నారు, చెల్లెలి అత్తగారింటికీ చేశారు. నంబరు మార్చేయమంటారా?

ప్రశ్న (చిక్కడపల్లి నుంచి)

అందరికీ నమస్కారం. నేను చిక్కడపల్లిలోని ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో డిజైనరుగా పనిచేస్తున్నాను. నాన్నగారి గుండె ఆపరేషన్ కోసం ఏడాదిన్నర క్రితం ఒక ప్రైవేటు బ్యాంకులో మూడు లక్షల రూపాయల వ్యక్తిగత రుణం తీసుకుని, పద్నాలుగు కిస్తీలు ఒక్కరోజైనా ఆలస్యం కాకుండా కట్టాను. ప్రెస్‌లో జీతం సగానికి తగ్గడంతో గత మూడు కిస్తీలు తప్పాయి. అప్పు నాదే, ఎగ్గొట్టే ఉద్దేశం నాకు ఏ కోశానా లేదు.

నిన్న ఒక పెళ్ళివారికి శుభలేఖ ప్రూఫు చూపిస్తుండగా బల్ల మీద ఫోన్ 11:12కు, 11:19కి, మళ్ళీ 11:40కి మోగింది, ప్రతిసారీ వేరే నంబరు. నేను కట్ చేస్తుంటే ఆ పెద్దాయన, "ఎవరికో అత్యవసరంలా ఉంది, మాట్లాడు బాబూ" అన్నారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అంతకన్నా బాధించినది రాత్రి జరిగింది. దరఖాస్తులో రిఫరెన్సుగా చెల్లెలి నంబరు ఇచ్చాను. తొమ్మిదిన్నరకు ఏజెంట్లు వరంగల్‌లో ఉన్న ఆమెకు ఫోన్ చేస్తే అత్తగారు ఎత్తారట. "మీ కోడలి అన్న మోసగాడు, రేపు పోలీసులు వస్తారు" అని ఆమెతో చెప్పారట.

నంబరు మార్చేస్తే ఈ బాధ తీరుతుందా? కిస్తీ తప్పినందుకు నిజంగా పోలీసులు వస్తారా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, సైనిక్‌పురి)

బాబూ, ముందుగా నంబరు మార్చకండి. మీ నంబరు పనిచేయకపోతే వాళ్ళు మీ చెల్లెలికి, ప్రెస్ యజమానికి చేస్తారు. బ్యాంకు నుంచి రావలసిన అసలైన సమాచారం కూడా మీకు అందకుండా పోతుంది.

అప్పు ఇచ్చినవారికి అడిగే హక్కు ఉంది, కానీ ఎలా అడగాలన్న దానికి కట్టుబాట్లున్నాయి. రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టు 12న ఇచ్చిన ఆదేశం ప్రకారం ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తరువాత వసూలు కోసం ఫోన్ చేయకూడదు. పదే పదే చేసి వేధించకూడదు, బెదిరించకూడదు, కుటుంబ సభ్యుల, రిఫరెన్సు ఇచ్చినవారి, స్నేహితుల జోలికి పోకూడదు. ఏజెంట్లు ఏం చేసినా అది బ్యాంకు బాధ్యతే. "ఏజెన్సీవాళ్ళు చేశారు, మాకు తెలియదు" అని ఏ మేనేజరు అన్నా ఒప్పుకోకండి. నేను ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణే, ఆ మాట చెల్లదని నాకు తెలుసు.

కాబట్టి ఈ వ్యవహారాన్ని ఫోన్ మీది నుంచి కాగితం మీదికి తీసుకురండి. కాల్ వచ్చినప్పుడు వాదించకుండా పేరు, ఏజెన్సీ పేరు, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం వివరం అడగండి. చెప్పకపోతే ఆ సంగతే రాసుకోండి. బ్యాంకు వెబ్‌సైట్‌లో ఫిర్యాదుల అధికారి, ప్రిన్సిపల్ నోడల్ ఆఫీసరు (ఫిర్యాదులకు బ్యాంకు తరఫున జవాబు చెప్పే పై అధికారి) ఈమెయిళ్ళు ఉంటాయి. ఇద్దరికీ ఒకే ఉత్తరం పంపండి. అందులో జీతం తగ్గిన సంగతి, ఇప్పుడు నెలకు మీరు నిజంగా కట్టగలిగిన మొత్తం, రుణకాలం పెంచి కిస్తీ తగ్గించమన్న అభ్యర్థన ముందు రాసి, ఆ తరువాతే కాల్స్ గురించి రాయండి. కట్టే మార్గం చూపుతూ రాసిన ఫిర్యాదును పక్కన పడేయడం కష్టం. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. సందేహాలుంటే రిజర్వు బ్యాంకు సహాయ నంబరు 14448కి ఫోన్ చేయండి. దానికోసం సైఫాబాద్‌లోని రిజర్వు బ్యాంకు కార్యాలయం మెట్లెక్కవలసిన పని లేదు.

సమాధానం (న్యాయవాది, మలక్‌పేట)

పోలీసుల విషయం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ చాలామంది సగం మాటే చెబుతారు. ఆదాయం తగ్గి కిస్తీ కట్టలేకపోవడం నేరం కాదు, అది సివిల్ వ్యవహారం. అయితే మీరిచ్చిన చెక్కు డబ్బు లేక వెనక్కి వస్తే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను, ఆటో డెబిట్ (ఖాతా నుంచి కిస్తీ దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు) అలాగే తిరిగి వస్తే 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం 25వ సెక్షను కింద కేసు వేసే అవకాశం బ్యాంకుకు ఉంటుంది. అందుకు ముందు లిఖితపూర్వక నోటీసు రావాలి, అది అందాక కట్టడానికి 15 రోజుల గడువు ఉంటుంది. అందువల్ల ఫోన్ బెదిరింపులకు భయపడకండి, కానీ స్పీడ్ పోస్టులో వచ్చిన ఏ కవరునూ తిప్పి పంపకండి. భయంతో కవరు తీసుకోకుండా గడువు పోగొట్టుకున్నవారిని చూశాను.

వాళ్ళ బెదిరింపు మాత్రం భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షను పరిధిలోకి రాగలదు. ఆ రాత్రి వచ్చిన కాల్ వివరాలను మీ చెల్లెలి ఫోన్‌లో చెరపనివ్వకండి. ఉచిత న్యాయ సహాయం కావాలంటే 15100కు ఫోన్ చేయండి, లేదా పురానీ హవేలీ సిటీ సివిల్ కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థను అడగండి.

సమాధానం (అమీర్‌పేట నుంచి)

అన్నా, రెండేళ్ళ క్రితం క్రెడిట్ కార్డు బకాయి వల్ల నేనూ ఇదే పడ్డాను. మా ఆఫీసు రిసెప్షన్‌కు చేసి నా పేరు గట్టిగా చెప్పేవారు. మా బాబు పాత రూళ్ళ నోటుబుక్కులో తేదీ, సమయం, నంబరు, అన్న మాట అని నాలుగు గళ్ళు గీసి రాశాను. ఆరు రోజుల్లో 41 కాల్స్ అయ్యాయి. ఆ పేజీలు ఫోటో తీసి నోడల్ ఆఫీసరుకు పంపాక, వారం తిరగకముందే ఆఫీసుకు ఫోన్లు ఆగిపోయాయి. బకాయిని పది నెలల వాయిదాలుగా మార్చారు.

రెండు మాటలు చెబుతాను. ఏజెంటు తన సొంత యూపీఐకి పంపమంటే ఒక్క రూపాయి కూడా పంపవద్దు, లోన్ ఖాతాకే కట్టి రసీదు తీసుకోండి. ఇక రెండోది, ఇవాళే వరంగల్‌కు మీరే ఫోన్ చేసి ఆ పెద్దావిడతో మాట్లాడండి. చెల్లెలు ఆ ఇంట్లో ఒంటరిగా జవాబు చెప్పుకుంటోంది. ఎందుకు అప్పు చేశారో ఆవిడకు మీ నోటి నుంచే తెలియాలి.

ప్రశ్న అడిగినవారి జవాబు

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. ముందు వరంగల్‌కే చేశాను. అత్తగారు ఆపరేషన్ సంగతి అంతా విని, "మరి అప్పుడే మాకు ఎందుకు చెప్పలేదు?" అన్నారు, ఇంకేమీ అనలేదు. రాత్రి కూర్చుని ఉత్తరం రాశాను. నెలకు ఆరువేలు కట్టగలనని అందులో పెట్టి, ఇద్దరు అధికారులకూ పంపాను. ఈ ఉదయం వచ్చిన మొదటి కాల్‌కు ఏజెన్సీ పేరు, అధికార పత్రం వివరం అడిగాను. అవతలివారు ఒక క్షణం ఆగి ఫోన్ పెట్టేశారు. 9:05 అని రాసుకున్నాను.