అప్‌డేట్: టర్బో సెడాన్‌లో శక్తి ఎందుకు తగ్గిందో తెలిసింది

నా స్పోర్ట్ సెడాన్ ఎత్తు ఎక్కడానికి ఆయాసపడుతోందని, ఇంజిన్ హెచ్చరిక దీపం పదేపదే వెలుగుతోందని, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గుతోందని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. కొందరు కారు అమ్మేయమన్నారు. టర్బోనే (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే పరికరం) మార్చాలని సర్వీసు కేంద్రంలో తేల్చేశారు. మీలో ఒకరు చెప్పినట్టు ముందు పొగ పరీక్ష (గొట్టాల్లోకి పొగ పంపి ఎక్కడ లీకవుతోందో చూడడం) చేయించాను. ఇంటర్‌కూలర్ (టర్బో పంపే గాలిని చల్లబరిచే భాగం) రబ్బరు గొట్టం క్లిప్పు పక్కనే చీలి ఉంది. పైనుంచి చూస్తే కనిపించదు. వంచితేనే చీలిక విచ్చుకుంటుంది, చుట్టూ నూనె జిడ్డు. టర్బో ఒత్తిడితో పంపిన గాలి సిలిండర్లకు చేరకముందే అక్కడినుంచి బయటికి పోతోందన్నమాట.

గొట్టం మార్చగానే పికప్ తిరిగి వచ్చింది. ఎంత సంతోషమో! కూలెంట్ మాత్రం ఇంకా తగ్గుతూనే ఉంది. కూలెంట్‌ను ఇంజిన్‌లో తిప్పే వాటర్ పంపు కింద, కారి ఎండినట్టు తెల్లటి చారలు కట్టాయి కాబట్టి అనుమానమంతా దాని మీదే. అమ్మేయమన్నవారికి ఒక మాట: మలుపుల్లో ఈ కారు చూపే పట్టు నాకు చాలా ఇష్టం, ఇప్పట్లో వదులుకోను.