మర్రిచెట్టు జరగాలా, రోడ్డు జరగాలా?

కోతికొమ్మచ్చి: హైదరాబాద్ శివార్లలో అప్పా జంక్షన్ నుంచి చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డు వెడల్పు గొడవ తెలిసిందే. దారి పొడుగునా 900కు పైగా మర్రిచెట్లు, పంచాయితీ పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రైబ్యునల్ దాకా పోయింది. ‘కొట్టెయ్యం, వేళ్లతో లేపి ఇంకోచోట నాటుతాం’ అని అధికారులు అన్న మాట విన్నప్పుడల్లా మా గల్లీ చింతచెట్టు గుర్తొస్తుంది. అన్నిటికన్నా కింది కొమ్మ మా నిక్కర్ల రాపిడికి నూనె రాసినట్టు మెరిసేది. ఎండాకాలం మొదట్లో అమ్మ ఒడినిండా చిగురు దూసుకొచ్చి పప్పులో వేసేది. సిమెంటు రోడ్డు వేసినప్పుడు కొట్టేశారు, ఇప్పుడక్కడ ట్రాన్స్‌ఫార్మర్. ఊరవతల నాటి ఉంటే మాత్రం అది మా చెట్టయ్యేదా? నన్నడిగితే రోడ్డే జరగాలి.

చేవెళ్ల బండి: అన్నా, నీడ బాగనే ఉంటది, ఆదివారం కారుల వచ్చి చూసేటోళ్లకు. నేను రోజూ బండి మీద పోత. రాత్రి ఎదురుంగ లారీ లైట్లేస్తే పక్కకు దిగుదామంటే మట్టి ఉండది, మాను ఉంటది. మా బాబాయి కాలు అట్లనే ఇరిగింది. చెట్టు తప్పు కాదు, ఒప్పుకుంట. మరి రోడ్డు ఎటు జరగాలె? పక్కన పొలాలు ఎవరియి? ఆళ్లను అడిగినవా?

నర్సరీ పనివాడు: మొక్కల పని చేసేవాణ్ని కాబట్టి ఒక ముక్క. మర్రి, రావి కొమ్మ పాతినా వేరు పోస్తాయి. కొమ్మలు నరికి, చుట్టూ కందకం తవ్వి, వేళ్ల ముద్దకు గోనెపట్టా చుట్టి, క్రేన్‌తో లేపి పెడితే బతకొచ్చు. వేప, చింత అలా కాదు, తల్లివేరు తెగితే కష్టం. అయితే బతకడం వేరు, నీడనివ్వడం వేరు. ఊడలన్నీ కోసేశాక నిలబడేది మొండెమే. మళ్లీ గొడుగు పట్టాలంటే ఏళ్లు. అప్పటిదాకా ఎండాకాలమంతా ట్యాంకరు రావాలి. నాటినరోజు ఫొటోకి వచ్చినవాళ్లలో ఒక్కరూ మే నెలలో కనబడరు. చూసిందే చెబుతున్నా.

సముద్రం పక్కింటావిడ: మాది విశాఖ. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను ఒక్క పూటలో మా వీధి చెట్లన్నీ పడేసింది. మర్నాడు వంటింట్లోకి ఎప్పుడూ లేనంత వెలుగొచ్చింది. ఆ వెలుగు చూసి అత్తయ్య ఏడ్చారు. తగువాడ్డానికి మాకు ఎదుట ఎవరూ లేరు, మీకున్నారు. చెట్ల వరసను మధ్యలో వదిలేసి అవతల ఇంకో రెండు లైన్లు వేయొచ్చు కదండీ?

చేవెళ్ల బండి: వేయొచ్చక్కా. ఆ అవతల ఉన్న భూమి మాది. పైసలు సక్కగ ఇస్తే నాకైతే అభ్యంతరం లేదు, మా నాయినకుంటది.

కోతికొమ్మచ్చి: పొలాల సంగతి నేను ఆలోచించలేదు తమ్ముడూ, తప్పే. లేపి నాటే మాట మాత్రం నాకిప్పటికీ మింగుడుపడదు. బాబాయికి ఎట్లుంది ఇప్పుడు?

చేవెళ్ల బండి: కట్టె పట్టుకొని నడుస్తడు. పొద్దుగాల చాయ్ ఆ మర్రి కిందనే తాగుతడు. వద్దన్నా ఇనడు.